వరహాలు అను పురుషుడు

మా జిల్లాలో నేను మగవాణ్ణయి కొంతకాలమవుతోంది. ఆఫీసు కాగితాల ప్రకారమే లెండి. ఇంట్లో ఇంకా వంట నేనే చేస్తున్నాను.

ఇదంతా ఒక చీర దగ్గర మొదలైంది. మా జిల్లా క్రీడా వికాస కేంద్రం వారు ఉత్తమ క్రీడాకారులకు సన్మానం తలపెట్టారు. మగవాళ్ళకి పంచెల చాపు, ఆడవాళ్ళకి చీర. కేంద్రం అధికారి విరూపాక్షరావు గారు స్వయంగా జాబితా ముందు పెట్టుకుని, పేర్లు చూసి, బట్టలు తెప్పించారు. సభలో మైకు పట్టుకుని "ఉత్తమ క్రీడాకారిణి, కుమారి పైడితల్లి" అని గంభీరంగా పిలిచారు. వేదిక మీదకి మా మగపిల్లల కబడ్డీ కెప్టెన్ పైడితల్లి ఎక్కాడు. ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే మనిషి. ఆరడుగుల పైమాట, ఆ ఎత్తుకి తగ్గ మీసం. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దావిడ బొట్టు పెడదామని చెయ్యి ఎత్తింది. అందలేదు. కుంకుమ భరిణె పట్టుకుని ఆవిడ, చీర పట్టుకుని విరూపాక్షరావు గారు, ఏది పట్టుకోవాలో తెలియక పైడితల్లి, అలా నిలబడిపోయారు. కింద జనం ఒకటే ఈలలు.

మా వైపు ఇందులో వింతేమీ లేదు. పుట్టిన పిల్లలు దక్కకపోతే అమ్మవారికి మొక్కుకుంటారు. ఆ తర్వాత పుట్టింది ఆడైనా మగైనా ఆ తల్లి పేరే పెడతారు. విరూపాక్షరావు గారు మా ప్రాంతం వారు కారు, ఆయనకి తెలియదు. తెలియకపోవడం తప్పేం కాదు. కానీ తప్పు ఎవరిదో తేల్చకపోతే ఆయనకి ముద్ద మింగుడు పడదు.

"నేను పేరు చూశాను, చీర కొన్నాను. పేరు ప్రకారం నేను ఒప్పు. కనుక పొరపాటు ఆ మనిషిలో ఉన్నది," అని తేల్చారు.

పొరపాటు మనుషుల్లో ఉన్నప్పుడు వాళ్ళని సరిచెయ్యాలి కదా. వెంటనే అంత్యాక్షర నిర్ధారణ సంఘం అని ఒకటి వెలిసింది. విరూపాక్షరావు గారు అధ్యక్షులు. రిటైరైన తెలుగు లెక్చరరు సోమసుందరశాస్త్రి గారు భాషా నిపుణులు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "యావన్మంది క్రీడాకారులకు తెలియజేయడమేమనగా, ఇకమీదట ఒక వ్యక్తి స్త్రీయా, పురుషుడా అన్నది సదరు వ్యక్తి పేరు చివరి శబ్దమును బట్టి నిర్ణయించబడును. అ, ఇ అను శబ్దములతో ముగియు పేర్లు స్త్రీలవి. తక్కినవన్నియు పురుషులవి. ఇతర రుజువులు స్వీకరించబడవు. శరీరము మోసగించవచ్చును, శబ్దము మోసగించదు."

దీని దెబ్బకి జిల్లాలో రవి, సింహాద్రి, తిరుపతి, మూర్తి అనే పేర్లున్న మగాళ్ళంతా ఒక్క పూటలో ఆడవాళ్ళయిపోయారు. అప్పయ్య, గవరయ్య లాంటి వాళ్ళు చావు తప్పినట్టు బయటపడ్డారు. "అయ్య అన్నది అకారాంతమే అయినను, పితృస్వామ్య గౌరవార్థం మినహాయింపు ఇవ్వడమైనది" అని కింద చిన్నక్షరాల్లో ఉంది. కృష్ణల సంగతి, శివల సంగతి ప్రభుత్వ పరిశీలనలో ఉందన్నారు. సోమసుందరశాస్త్రి గారు ఉత్తర్వు ముసాయిదా మొత్తం తన చేత్తోనే రాసి, సంతకం పెట్టేటప్పుడు తన పేరు చివర చూసుకుని, కాసేపు కలం ఎత్తి పట్టుకున్నారట. విరూపాక్షరావు గారు మాత్రం సంతోషించారు. సంఘంలో మహిళా ప్రాతినిధ్యం లేదన్న కొరత అలా తీరిపోయింది.

సంఘం జిల్లాతో ఆగలేదు. ప్రపంచాన్ని కూడా పరిశీలించింది. జపానులో చాలామంది ఆడవాళ్ళ పేర్లు 'కో' తో ముగుస్తాయని తెలిసి, ఆ దేశాన్ని వివరణ కోరుతూ ఉత్తరం రాసింది. రష్యాలో నికితా అనేది మగవాడి పేరని ఎవరో చెబితే, ఆ దేశం వాళ్ళు ఇంతకాలం ఎలా నెట్టుకొచ్చారో అని ఆశ్చర్యం వెలిబుచ్చింది. ఇటలీలో లూకా, ఆండ్రియా అనే మగవాళ్ళు వీధివీధినా ఉంటారని విని, అట్లాసులో ఆ పేజీ అసలు తిప్పకుండా వదిలేసింది.

ఇక నా సంగతి. నా పేరు మంగతాయారు. ఆడపిల్లల కబడ్డీ కోచ్‌ని. చివర 'రు' ఉంది కాబట్టి నేను పురుషుణ్ణి, ఆడపిల్లలకి నేర్పడానికి పనికిరాను. అప్పటిదాకా 'తాయారు మేడమ్' అన్న గుమాస్తా మర్నాటి నుంచి 'తాయారు సార్' అనడం మొదలుపెట్టాడు. ఊరుకున్నాను. నా పిల్లల సంగతి తెలిశాక మాత్రం ఒళ్ళు మండింది.

మాది రైల్వే కాలనీ పక్కనున్న మైదానం. అన్ని రకాల పిల్లలూ వస్తారు. పాస్టరు గారమ్మాయి రూత్, బట్టల కొట్టు బిల్కీస్, రైల్వే గార్డు గారి పంజాబీ పిల్ల హర్‌ప్రీత్, ఇడ్లీ బండి పెట్టుకున్న అరవ వాళ్ళ కయల్, మా ఊరి నూకరత్నం, మాణిక్యం. ఒక్కరి పేరు చివరా అ లేదు, ఇ లేదు. జట్టులో ఇద్దరు మాత్రం పాసయ్యారు. పైడితల్లి పక్కన నిలబడి ఆడాలని తెలిసి ఆ ఇద్దరూ ఇంట్లోంచి కదల్లేదు.

అందరికన్నా పెద్ద దెబ్బ తగిలింది మా కెప్టెన్ వరహాలుకి. వాళ్ళ నాన్న సూరన్న కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపుతాడు. అమ్మ జీడిపిక్కలు కొట్టే ఫ్యాక్టరీలో పని. జీడి నూనెకి ఆవిడ అరచేతులు నల్లగా మాడిపోయి ఉంటాయి, అన్నం కలుపుకుంటే మండుతుంది. అంతర జిల్లా పోటీల్లో గెలిచిన ఆడపిల్లల జట్టు కెప్టెన్‌కి క్రీడా కోటాలో పోలీసు ఉద్యోగం ఇస్తారు. మగవాళ్ళకీ అంతే. వయసు ప్రకారం వరహాలుకి ఇదే ఆఖరి అవకాశం. ఈసారి తప్పితే ఆ జీడిపిక్కల పీట మీద అమ్మ పక్కన కూర్చోవడమే. ఆ పిల్ల చేతులు నాకు తెలుసు. పరుగెత్తుకొచ్చి గీతని ముట్టే చేతులు అవి. అవి నల్లబడతాయంటే నాకు ప్రాణం ఒప్పలేదు. వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను.

విరూపాక్షరావు గారు కళ్ళజోడు మీద నుంచి చూశారు. "నామధేయం?"

"వరహాలండి."

"చివరి శబ్దం?"

"సివరేటండి? ఇంటిపేరు సెప్పాలా?"

"చూడు అమ్మాయీ," అని నాలిక్కరుచుకుని, "చూడు అబ్బాయీ," అన్నారు. "ఇది నీ మీద కక్ష కాదు. శాస్త్రం. పైగా పరిష్కారం సులభసాధ్యం. వరలక్ష్మి అని మార్చుకో. పత్రికలో ప్రకటన, ఒక అఫిడవిట్టు, నీవు మరల స్త్రీవి."

వరహాలు తల అడ్డంగా ఊపింది. "వరహాలన్నది మా మామ్మ పేరండి. ఆయమ్మ పోయిన ఏడే నాను పుట్టాను. మా నాన్న నన్నెప్పుడూ పేరెట్టి పిలవడండి. అమ్మా అనే పిలుస్తాడు. కోపమొచ్చినా తిట్టడు, ఆళ్ళమ్మని తిట్టినట్టవుద్దని. ఇప్పుడు నాను పేరు మార్సేసుకుంటే మా నాన్నకి ఆళ్ళమ్మ మళ్ళీ సచ్చిపోయినట్టు కాదేటండి?"

విరూపాక్షరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మెత్తబడ్డారనుకున్నాను.

"ఉత్తర్వులో భావోద్వేగములకు సంబంధించి ప్రత్యేక నిబంధన ఏదియూ లేదు," అన్నారు.

బల్ల మీద గాజు పేపర్‌వెయిట్ ఉంది. దాన్ని చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. "మరి ఈ పిల్ల ఎక్కడ ఆడాలి సార్?" అన్నాను.

"పురుషుల విభాగమున. మీరూ అక్కడే కోచ్‌గా కొనసాగవచ్చును. చూశారా, ఉత్తర్వు ఎవరికీ అన్యాయం చేయలేదు."

మేం బయటికి వచ్చేసరికి వరండాలో పైడితల్లి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అంత మనిషీ ముడుచుకుపోయాడు. "మేడమ్, నన్ను ఆడోళ్ళ జట్టుకి కేప్టెన్ని సేసేరండి. పైడిరాజు అని మార్సుకోమంతన్నారు. అమ్మోరి మొక్కండి ఇది. మారిస్తే మాయమ్మ అన్నం ముట్టదు. మార్సకపోతే నాను ఊర్లో ఎలా తిరగాలండి?"

వరహాలు అతన్ని చూసి నవ్వేసింది. "బావా, మరేటి సేత్తావు. నీ జట్టు నాకిచ్చేసేరు, నా జట్టు నీకిచ్చేసేరు. జాగర్తగా సూసుకో."

పోటీలు మా ఊళ్ళోనే జరిగాయి. మిగతా జిల్లాల వాళ్ళకి ఇంకా ఈ శాస్త్రం అందలేదు కాబట్టి వాళ్ళ జట్లలో మగవాళ్ళు మగవాళ్ళుగా, ఆడవాళ్ళు ఆడవాళ్ళుగానే దిగారు. మాకు మాత్రం జిల్లా పంపిన జాబితాయే ఆఖరు. మగవాళ్ళ జట్టులో మిగిలిపోయిన అప్పలరాజు, సన్నిబాబు ఆడపిల్లలతో కలిసి ఆడటానికి సిగ్గుపడి, వేళ్ళు బెణికాయని రాసిచ్చి మాయమయ్యారు. పురుషుల విభాగంలో మా జిల్లా తరఫున మిగిలింది నా పిల్లలే.

ముందు మహిళల విభాగం. పైడితల్లి, సింహాద్రి, తిరుపతి, పెద్ద రవి, చిన్న రవి, మూర్తి, వాళ్ళతోపాటు మిలటరీ క్యాంపు నుంచి వచ్చిన మిజోరం కుర్రాడు లాల్‌మువానా. వాళ్ళ భాషలో మగవాళ్ళ పేర్లు ఆ తోనూ, ఆడవాళ్ళ పేర్లు ఇ తోనూ ముగుస్తాయని ఆ కుర్రాడు వచ్చీరాని హిందీలో మొత్తుకున్నాడు. "అట్లయిన మీ రాష్ట్రమునకు కూడ ఉత్తరం రాయవలె," అని విరూపాక్షరావు గారు నోట్ చేసుకున్నారు.

అవతల గోదావరి వైపు జట్టు. వాళ్ళ కెప్టెన్ నాగదుర్గ కొంగు బిగించినట్టు టీషర్టు బిగించి, మా వాళ్ళని ఒకసారి పైనుంచి కిందికి చూసింది. రిఫరీని అడిగింది. రిఫరీ జాబితా చూపించాడు. "అయితే ఆడేద్దామండి, మనకేంటి," అంది.

పైడితల్లి కూతకి వెళ్ళాడు. ఆడపిల్లలకి ఎక్కడ తగులుతుందోనని రెండు చేతులూ వీపు వెనక కట్టేసుకున్నాడు. కబడ్డీ కబడ్డీ అని గుళ్ళో జపం చేసినట్టు గొణుక్కుంటూ గీత దాటాడు. నాగదుర్గ జట్టుకి అలాంటి మొహమాటాలు లేవు. ఇద్దరు కాళ్ళు పట్టారు, ఒకతి నడుం పట్టింది, తక్కిన వాళ్ళు మీద పడ్డారు. ఐస్ దిమ్మని కొక్కెం వేసి లాగినట్టు లాక్కెళ్ళిపోయారు. తర్వాత సింహాద్రి. ఆ తర్వాత మూర్తి. లాల్‌మువానా ఒక్కడే కాస్త ఎదురు తిరిగాడు గానీ, నాగదుర్గ "తమ్ముడూ, పడిపో నాన్నా, దెబ్బ తగులుద్ది," అని బుజ్జగించి మరీ పడగొట్టింది. జనం పడీపడీ నవ్వారు. విరూపాక్షరావు గారు మైకులో, "మన మహిళలు మరింత శిక్షణ పొందవలసిన ఆవశ్యకత కనిపిస్తున్నది," అన్నారు.

మధ్యాహ్నం పురుషుల విభాగం. నా పిల్లలు దిగేసరికి అవతలి కెప్టెన్ బిక్కమొహం వేసుకుని నా దగ్గరికొచ్చాడు.

"మేడమ్, మా అత్తారింటి వాళ్ళంతా అదుగో ఆ గట్టు మీద కూర్చున్నారు. వాళ్ళెదురుగా పరాయి ఆడపిల్ల కాలు పట్టుకుంటే నాకు ఆ గడపలో మర్యాద మిగుల్తుందా? మీరే చెప్పండి."

ఈలోగా ఆట మొదలైంది. వరహాలు కూతకి వెళ్తే ఆ మగపిల్లలు బస్సులో ఆడవాళ్ళ సీటు ఖాళీ చేసినట్టు పక్కకి జరిగిపోయేవారు. పారిపోయేవాణ్ణి తరిమి ముట్టడం వరహాలుకి చేతనైన పనే. వాళ్ళు కూతకొస్తే ముట్టడానికి చెయ్యి చాపరు. రూత్, హర్‌ప్రీత్ వెళ్ళి హాయిగా పట్టేసుకునేవారు.

విరూపాక్షరావు గారికి ఇది సహించలేదు. "క్రీడాకారులు సంకోచించవలదు! ఎదుటనున్నది అధికారికముగా పురుషుడు! పట్టుకొనుడు!" అని మైకులో అరిచారు.

"నువ్వొచ్చి పట్టుకోవయ్యా!" అని గట్టు మీంచి ఎవరి అత్తగారో అంతకన్నా గట్టిగా అరిచింది.

ఒక జట్టు తర్వాత ఒక జట్టు ఇలాగే ఓడిపోయింది. ఫైనల్లో కూడా అంతే. కప్పు మాదే. పోలీసు ఉద్యోగం వరహాలుదే. నేను ఎగిరి గంతేశాను. వయసు మర్చిపోయానేమో, మోకాలు పట్టేసింది కూడా.

చూస్తే వరహాలు గీత పక్కన కూలబడి ఇసక వేళ్ళతో గీకుతోంది. ఒంటి మీద ఒక్క మట్టి మరక లేదు.

"ఏమే, ఉద్యోగం వచ్చింది కదే?"

"వచ్చిందండి. అయినా ఇదేటి గెలుపండి మేడమ్? ఎవులూ నన్ను ముట్టనేదు. ఉజ్జోగం వస్తాది గానీ, ఆట రానోల్లాగ ఎల్తాను దానికి."

ఆ పిల్ల లేచి నేరుగా నాగదుర్గ దగ్గరికి వెళ్ళింది. నాగదుర్గ జట్టు అప్పటికే మహిళల కప్పు గెలిచేసి, చెట్టు కింద పుచ్చకాయ కోసుకుంటోంది.

"మీరు పట్టుకుంటారేటి?" అని అడిగింది వరహాలు.

నాగదుర్గ పుచ్చకాయ పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. "ఆయ్, పట్టుకోడానికే కదండీ ఇంత దూరం వచ్చింది. రండి, చూద్దాం."

షామియానాల వెనక ఖాళీ స్థలంలో సున్నంతో గీతలు గీశాం. రిఫరీ లేడు, జాబితా లేదు. పైడితల్లి విజిల్ పట్టుకున్నాడు. ముందు పదిమంది చూశారు, తర్వాత గట్టు గట్టంతా ఇటు వచ్చేసింది. అవతల వేదిక మీద విరూపాక్షరావు గారు అంత్యాక్షర శాస్త్ర ప్రాశస్త్యం గురించి ఉపన్యాసం మొదలుపెట్టారు. వినడానికి మైకు సెట్టువాడు, కుర్చీలు మిగిలాయి. కాసేపటికి మైకు సెట్టువాడు కూడా ఇటే వచ్చాడు.

అది ఆట. నా పిల్లలు పడ్డారు, పడగొట్టారు. బిల్కీస్ మోచెయ్యి గీరుకుపోయింది. కయల్ అరవంలో తిట్టింది, నాగదుర్గ గోదావరి యాసలో జవాబిచ్చింది, ఎవరికీ అర్థం కాకపోయినా అందరికీ తెలిసింది. చివరికి రెండు జట్లూ సమానమయ్యాయి. ఆఖరి కూత వరహాలుది. నాగదుర్గని ముట్టి వెనక్కి తిరిగేసరికి ఆవిడే కాళ్ళు వాటేసుకుంది. తక్కిన వాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ గుట్ట కింద నుంచి కబడ్డీ అన్న కూత ఆగకుండా సన్నగా వినిపిస్తూనే ఉంది. దుమ్ములోంచి ఒక చెయ్యి పాక్కుంటూ బయటికొచ్చి గీతని ముట్టింది.

పైడితల్లి విజిల్ ఊదడం మర్చిపోయి ఏడ్చేశాడు. వరహాలు లేచింది. మోకాళ్ళు చీరుకుపోయాయి, నోటి నిండా ఇసక. నాగదుర్గ దాన్ని వాటేసుకుని, "అబ్బ, ఏం పిల్లవే!" అంది. అప్పుడు నవ్వింది వరహాలు.

సాయంత్రం బహుమతులు. ఈసారి విరూపాక్షరావు గారు ఒక్క పొరపాటు జరగనివ్వలేదు. ప్రోత్సాహక బహుమతి కుమారి పైడితల్లికి, చీర. పైడితల్లి ఈసారి సిగ్గుపడలేదు. చీర కళ్ళకద్దుకుని తీసుకుపోయి కింద కూర్చున్న వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టాడు. తర్వాత, "పురుషుల విభాగమున విజేత, శ్రీ వరహాలు!" వరహాలు కుంటుకుంటూ ఎక్కింది. పంచెల చాపు అందుకుంది. ఉత్తరీయం భుజాన వేసుకుని జనం వైపు తిరిగింది.

వెనక వరసలోంచి సూరన్న నిలబడి రెండు చేతులూ ఎత్తి గొంతు చించుకుని అరిచాడు. "అమ్మా! మాయమ్మే!"

విరూపాక్షరావు గారి మొహం మారిపోయింది. వేదిక పక్కనే నిలబడ్డ నా వైపు వంగి, "ఎవరా వ్యక్తి?" అన్నారు.

"వాళ్ళ నాన్న సార్."

"కన్నతండ్రి ఒక పురుషుణ్ణి పట్టుకుని అమ్మా అనుట ఏమిటి? ఇందులో ఏదో లొసుగున్నది."

మర్నాడే సూరన్నని సంఘం ముందుకి పిలిపించారు. నేనూ వెళ్ళాను. ఉద్యోగం ఎక్కడ ఊడగొడతారోనని నా భయం. సూరన్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"శ్రీ వరహాలు మీకు ఏమగును?" అని అడిగారు విరూపాక్షరావు గారు.

"మాయమ్మండి."

"మీ మాతృమూర్తి కాలం చేసినట్టు రికార్డు ఉన్నది కదా?"

"ఆయమ్మే ఈయమ్మండి బాబూ. ఎల్లిపోయింది, మళ్ళీ వచ్చింది. అందుకే కదండి ఆ పేరు."

మహిళా ప్రతినిధి సోమసుందరశాస్త్రి గారు ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నారు. విరూపాక్షరావు గారు ఉత్తర్వు తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. ఉత్తర్వు కాదనలేరు, తండ్రి వాంగ్మూలమూ కాదనలేరు. ఆఖరికి గుమాస్తాని పిలిచి, రెండూ నిలబడేలా తీర్పు రాయించారు. ఉద్యోగం ఖాయం. గుమాస్తా పైకి చదివాడు.

"విచారణలో తేలినదేమనగా, శ్రీ వరహాలు అను పురుషుడు సూరన్నకు తల్లి."

సంతకం పెట్టమన్నారు. సూరన్న ఆ వాక్యాన్ని మళ్ళీ చదివించుకుని విన్నాడు. చివరి మాట దగ్గర తలూపి, వేలిముద్ర వేశాడు.